పెరటి ఉత్తరాలు: మే నెల దాటిన ఫెర్నే మనది

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్టలో సగానికి పైగా ఫెర్నుల మీదే. జనవరి సంచికలో మా ఊరి ఇంట్లో, అత్తగారి నాటి బావి పక్కన పెరుగుతున్న ఫెర్నుల సంగతి రాశాను. అప్పటి నుంచి రోజూ ఒకటో రెండో వస్తూనే ఉన్నాయి. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను. ఇప్పుడు ఫాల్గుణం. కాలువలు కట్టేసే రోజులు ముందున్నాయి. ఫెర్నుకు చేయవలసిన పనులు ఉగాది నాటికి పూర్తయితేనే అది వేసవిని తట్టుకుంటుంది.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. సియాటిల్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను. అక్కడ ఆకాశాన్నంటే చెట్ల కింద, ఎండ పొడ పడని చోట, నడుము ఎత్తు ఫెర్నులు డిసెంబరు చలిలో కూడా ముదురాకుపచ్చగా ఉన్నాయి. మా పెరట్లో మామిడి చెట్టు కింద నేల ఖాళీగా ఉంది. అబ్బాయి వచ్చేటప్పుడు ఒక దుంప తెమ్మని చెప్పనా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చెప్పకండి అమ్మా. మీ వర్ణనను బట్టి అది అక్కడివాళ్ళు కత్తి ఫెర్ను అని పిలిచే పాలిస్టికమ్ మునిటమ్ అయి ఉంటుంది. అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లో నేలను కప్పేది అదే. చలికి ఆకు రాల్చదు. వసంతంలో మొక్క నడిమి నుంచి కొత్త ఆకులు చుట్టలు విప్పుకొని లేస్తాయి, పాతవి నేల మీదికి వాలి అక్కడే మట్టిలో కలుస్తాయి. చూడముచ్చటైన మొక్క. మీకు తెచ్చుకోవాలనిపించడంలో వింత లేదు.

వాన విషయంలో మనకు లోటు లేదు. సియాటిల్‌లో ఏడాదికి సుమారు 95 సెంటీమీటర్లు కురుస్తుంది, కోనసీమలో అంతకంటే ఎక్కువే. తేడా అంతా రాత్రుల్లో ఉంది. అక్కడ నడి వేసవిలోనూ రాత్రి 13, 14 డిగ్రీలకు దిగుతుంది. ఇక్కడ మే నెల రాత్రి 28 దగ్గర నిలిచిపోతుంది. పగలు ఎండలో తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని మొక్క రాత్రి శ్వాసకు ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత పెరుగుతుంది. చల్లటి రాత్రులకు అలవాటుపడిన ఫెర్ను మన వేసవిలో రోజుకింత అప్పుపడుతూ పోయి చివరికి చచ్చిపోతుంది. మనం ఎన్ని నీళ్ళు పోసినా ఆ అప్పు తీరదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2003లో వచ్చిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కను గానీ దుంపను గానీ తేకూడదు. ఆ నియమం ఎందుకో మన కొబ్బరి రైతుకు వేరే చెప్పక్కరలేదు. అమెరికా ఖండం నుంచి వచ్చి 2016లో మన దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ తోటల్లో కొబ్బరి ఆకులను ఎలా నల్లబరిచిందో మీరూ చూసే ఉంటారు.

ప్రపంచంలో దాదాపు 10,500 రకాల ఫెర్నులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం వేడి దేశాలవే. కాబట్టి మీ మామిడి కిందికి చలి దేశపు మొక్కను వెతకనక్కరలేదు. నర్సరీల్లో బోస్టన్ ఫెర్ను అని అమ్మే నెఫ్రోలెపిస్ వేయండి. ఆకులు పొడవుగా జాలువారే ఆ రకం 1894లో అమెరికాలో ఒక మొక్కల సరుకులో అనుకోకుండా కనబడింది కాబట్టి ఆ పేరు వచ్చింది గానీ, దాని మూలం వేడి దేశాల మొక్కే. దానికి దగ్గరి చుట్టమైన కార్డిఫోలియా ఇంకా మొండిది. వేళ్ళకు గోళీల్లాంటి చిన్న దుంపలుంటాయి, వాటిలో నీళ్ళు దాచుకుంటుంది. చెట్టు మొదటికి దగ్గరగా రాళ్ళు పేర్చి గూడు ఫెర్నును కూర్చోబెట్టండి. పక్షి గూడులా ఆకులన్నీ గుండ్రంగా లేచే రకం అది. రాలిన మామిడి ఆకు ఆ గూట్లో పడి కుళ్ళి దానికే ఎరువవుతుంది. అందుకని ఆ ఆకులను ఏరి పారేయకండి.

మామిడి వేళ్ళను మాత్రం తవ్వకండి. మొదలును వదిలి, నేల మీదే జానెడు మందం ఆకుమట్టి పరచి అందులో నాటండి. మామిడి పూతలో ఉండగా తేనెమంచు పురుగు వల్ల కింద ఉన్న మొక్కల మీద జిగురు పడి నల్ల మసి పడుతుంది. వారానికి ఒకసారి మంచినీళ్ళతో కడిగితే చాలు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఇంటికి ఉత్తరం వైపు సందు ఉంది. అక్కడ ఎండ రాదు. ఏటా సంక్రాంతికి కడియపులంక వెళ్ళి ఫెర్నులు కొని అక్కడ పెడుతున్నాను. మూడు నెలలు కళకళలాడతాయి. మే నెల రాగానే ఆకులు కాగితంలా ఎండిపోతాయి. రెండు పూటలా నీళ్ళు పోసినా ఫలితం లేదు. మూడేళ్ళుగా ఇదే వరస. నర్సరీ వాళ్ళు మోసం చేస్తున్నారంటారా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మోసం ఎవరిదీ కాదండీ. మీ సందులో మే నెలలో ఎండ ఉంటుంది. అప్పుడు ఒక్కసారి మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్ళి చూడండి.

సంక్రాంతి నాడు ఉత్తరాయణ పుణ్యకాలమని పండుగ చేసుకుంటాం కదా. సూర్యుడు ఉత్తరానికి జరిగే ఆ నడకే మీ సందులోకి ఎండను తెస్తుంది. మన డెల్టా భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16.5 డిగ్రీల దగ్గర ఉంది. మార్చి 21 దాటిన దగ్గర నుంచి సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. అంటే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు గోడకు తగలడం అప్పుడే మొదలవుతుంది. మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. సంవత్సరంలో మిగతా కాలమంతా చల్లగా, నీడగా ఉండే ఉత్తరపు సందు వడగాడ్పుల రోజుల్లోనే ఎండకు తెరుచుకుంటుంది. మీరు మొక్కలు కొన్న జనవరిలో చూసిన నీడను నమ్మి పెట్టారు. ఆ నీడ మే దాకా నిలవదు.

ఉత్తరం నీడ మంచిదని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అవి చలి దేశాల్లో రాసినవి, అక్కడికి అది నిజం. నేను కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన ముప్ఫై ఏళ్ళలో దాదాపు ఇరవై ఏళ్ళు అదే మాట పిల్లలకు చెప్పాను. ఉద్యోగం అయిపోయి ఇంటి పట్టున ఉన్న మొదటి ఏడాది, ప్రతి నెలా ఒకటో తారీకున మా సందులో ఎండ అంచు ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీతలు గీశాను. జూన్ గీత గోడ మొదట్లో పడింది. అంటే సందు నేలంతా ఎండే. మీరు కూడా ఈ ఏడాది గీసి చూడండి. మొక్క కొనేముందు చేయవలసిన మొదటి పని అదే.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఉగాదికి ముందే సందు మీద, మనిషి ఎత్తుకు పైన, కొబ్బరి ఆకు తడికలు వేయించండి. ఆకుపచ్చ షేడ్ నెట్ కూడా పనికొస్తుంది. నాకు మాత్రం తడికే నచ్చుతుంది. నెట్ కింద గాలి ఉడుకుతుంది, తడిక కింద అంత ఉక్క ఉండదు. ఎండ ఒక శత్రువైతే పడమటి గాలి ఇంకో శత్రువు. సందుకు పడమటి కొస తెరిచి ఉంటే అక్కడ గోనె పట్టాలు కట్టి, పదకొండు గంటలకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి తడపండి. ఫెర్ను ఆకు పలుచన, చాలా రకాలకు పైన మైనపు పూత తక్కువ. పొడిగాలి తగిలితే వేరు అందించే నీటికంటే ఆకు పోగొట్టుకునేదే ఎక్కువవుతుంది. కుండీలో నీళ్ళున్నా ఆకు ఎండిపోవడం అందుకే.

కుండీని బోర్లించి వేరుముద్దను కూడా చూడండి. నర్సరీ మట్టిముద్ద ఒకసారి గట్టిపడితే మీరు పోసే నీళ్ళు దాని చుట్టూ జారి కింది కన్నం గుండా పోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. అలా ఉంటే కుండీని బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. ఇక మీదట సంక్రాంతికి కొనకండి. ఆరుద్ర కార్తెలో, నాలుగు వానలు పడ్డాక కొనండి. వేసవి రావడానికి పది నెలల వ్యవధి దొరుకుతుంది, ఆలోగా వేరు నిలదొక్కుకుంటుంది.

ప్రశ్న: మా ఊరు సముద్రానికి దగ్గర. ఫెర్నుల ఆకుల కొసలు, అంచులు గోధుమరంగుకు తిరిగి మాడిపోతున్నాయి. దట్టమైన నీడలోనే ఉన్నాయి. మందు ఏదైనా చెప్పండి.
— ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి మండలం

జవాబు: మందు కొట్టకండి అమ్మా. ఇది తెగులు కాదు, ఉప్పు. మీ బోరు నీళ్ళను శుభ్రమైన స్టీలు పళ్ళెంలో నాలుగు చెంచాలు పోసి ఎండలో ఆరబెట్టండి. తెల్లటి పొర మిగిలితే అదే మీ ఫెర్ను ఆకుల్లో చేరుతోంది. వేరు పీల్చిన నీరు ఆకు అంచుల దాకా వెళ్ళి ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఏటా ఆకు రాల్చే మొక్కయితే ఆ ఉప్పును ఆకుతోపాటు వదిలించుకుంటుంది. ఎప్పుడూ పచ్చగా ఉండే ఫెర్ను ఒక్కో ఆకును నెలల తరబడి ఉంచుకుంటుంది కాబట్టి ఉప్పు పోగవుతూనే ఉంటుంది.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక ఏడాది ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక మా బావి అడుగంటింది. ఇరవై రోజులు బోరు నీళ్ళు పోశాను. అంచులు మాడుతుంటే నీళ్ళు చాలడం లేదనుకొని అవే నీళ్ళు ఇంకా ఎక్కువ పోశాను. ఇరవై రెండు కుండీల అడియాంటమ్ పోయింది. నల్లటి సన్నని కాడలు, గోరంత ఆకులతో గాలికి వణికే ఆ ఫెర్నును మా అత్తగారు హంసపాది అనేవారు. ఆయుర్వేదంలో ఆ పేరున్న రకం ఆమె చేతి మీదుగా మా ఇంటికి వచ్చింది. ఆ ఇరవై రెండింటిలో అదీ పోయింది. మళ్ళీ దొరకలేదు.

అందువల్ల మీరు ఇప్పటి నుంచే మంచినీళ్ళు ఎక్కడి నుంచి తేవాలో చూసుకోండి. వానాకాలమైతే చూరు నీళ్ళు పట్టుకోవచ్చు. మొదటి వాన కప్పును కడుగుతుంది కనుక దాన్ని వదిలేసి రెండో వాన నుంచి సిమెంటు తొట్టిలోకి మళ్ళించి, దోమలు చేరకుండా గుడ్డ కట్టండి. వేసవికి ఒక మంచి ఆధారం ఉంది. ఏసీ నుంచి కారే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రంతా నడిస్తే బకెట్ దాకా వస్తాయి. కాలువ ఎండిపోయి, బోరు ఉప్పుబారే రోజుల్లోనే ఏసీ ఎక్కువగా నడుస్తుంది. ఆ గొట్టాన్ని మోరీలోకి వదలకుండా బకెట్‌లోకి పెట్టండి. నీళ్ళను శుద్ధిచేసే యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం ఫెర్నుకు పోయకండి. వాటిలో బోరు నీళ్ళకంటే ఉప్పు ఎక్కువ.

నెలకొకసారి ఒక్కో కుండీకి దాని పరిమాణానికి మూడింతలు మంచినీళ్ళు నెమ్మదిగా పోసి కింద నుంచి పోనివ్వండి, పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. బాగా మాడిన పాత ఆకులను మొదలంటా కోసేయండి. కొబ్బరి పొట్టు వాడుతుంటే ముందు దాన్ని అనుమానించండి. కొబ్బరి ఉప్పును తట్టుకునే చెట్టు, దాని డొక్కలోనూ ఉప్పు ఉంటుంది. ఉప్పుటేరులో నానబెట్టిన డొక్కల పొట్టయితే చెప్పనే అక్కరలేదు. రాత్రి నానబెట్టి, పొద్దున పిండి, మూడుసార్లు అలా చేశాకే కుండీలో వేయండి.

ఇక ఉప్పుకు జడవని ఫెర్ను కూడా ఒకటి ఉంది. అక్రోస్టికమ్ ఆరియం అంటారు, మడ అడవుల్లో ఉప్పునీటి అంచున మనిషి ఎత్తు పెరుగుతుంది. మీ దొడ్డిలో ఎప్పుడూ తడిగా ఉండే పల్లం ఉంటే దానికి అది తగును. కానీ కోరింగ అభయారణ్యం నుంచి పీకి తెచ్చుకోకూడదు. మొక్కలు పెంచి అమ్మేవారి దగ్గర అడగండి.

ప్రశ్న: ఫెర్ను ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు వరసగా వచ్చాయి. పురుగేమోనని సగం ఆకులు కత్తిరించాను. మిగతావి కూడా తీసేయాలా?
— ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: కత్తెర పక్కన పెట్టండి. అవి మీ మొక్క సంతానం. ఫెర్నుకు పువ్వు లేదు, గింజ లేదు. ఆ చుక్కల్లో సిద్ధబీజాలు, అంటే గింజకు బదులుగా పనిచేసే సన్నటి పొడి, ఉంటాయి. నెఫ్రోలెపిస్ ఆకు వెనక చుక్కను భూతద్దంతో చూస్తే పైన మూత్రపిండం ఆకారంలో చిన్న మూత కనబడుతుంది. గ్రీకు భాషలో దాని పేరుకు అర్థం అదే. చుక్కలు ఈనెకు అటూ ఇటూ లెక్కపెట్టి పెట్టినట్టు సమానంగా ఉంటే భయం లేదు. అడ్డదిడ్డంగా, కాడల మీద కూడా ఉండి, గోటితో గీస్తే ఊడివచ్చి, చుట్టూ జిగురూ చీమలూ ఉంటే అది పొలుసు పురుగు. దాన్ని తడిగుడ్డతో తుడవండి. వేపనూనె కొట్టాలనుకుంటే ముందు ఒక్క ఆకు మీద కొట్టి వారం ఆగండి. నూనె మందులకు ఫెర్ను ఆకు తొందరగా మాడుతుంది.

ప్రశ్న: పూలగుత్తుల్లో పెట్టే సన్నని ఆకుల ఫెర్ను మా ఇంట్లో ఉంది. ముళ్ళున్నాయి, ఈ మధ్య చిన్న తెల్లపూలు కూడా పూసింది. ఫెర్నుకు పూలుండవన్నారు కదా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీరు గమనించింది సరైనదే. అది ఫెర్ను కాదు, పేరు మాత్రమే అది. ఆస్పరాగస్ జాతి మొక్క, మన పిల్లితేగలకు చుట్టం. కాస్త ఎండ కావాలి, నీళ్ళు తక్కువ చాలు. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే దాని కాయలు తిననివ్వకండి.

ప్రశ్న: నాకు రెండెకరాల కొబ్బరి తోట, మధ్యలో కోకో ఉంది. నీడ బాగా ఉంది కాబట్టి ఫెర్ను ఆకు పెంచి పూల అలంకరణ వాళ్ళకు అమ్మవచ్చని ఎవరో చెప్పారు. నిజమేనా?
— ఒక రైతు, కొత్తపేట

జవాబు: పెద్ద నగరాల్లో గుత్తులకు వాడే తోలు ఫెర్ను ఆకు చల్లటి ప్రాంతాల పంట. మన దగ్గర దాని కోసం డబ్బు పెట్టవద్దు. నెఫ్రోలెపిస్ ఆకును పెళ్ళి పందిళ్ళకు కొంటారు గానీ, మీకు దగ్గరలోని పూల దుకాణాల్లో నలుగురిని అడిగి, వాళ్ళు వారానికి ఎన్ని కట్టలు తీసుకుంటారో రాసుకున్నాకే మొదలుపెట్టండి. ముందు ఒక్క వరస వేసి చూడండి.

ఫెర్నుకు మీ తోట మాత్రం ఎంతో అనువైనది. కోకో ఆకు రాలి దుప్పటిలా పరుచుకుంటుంది. ఏడాది నిల్వ ఉన్న ఆ అడుగు పొరను చేతిలోకి తీసుకుని వాసన చూడండి, అడవి వాసన వస్తుంది. మా ఫెర్నులకు ఎరువు అదే. ఒకపాలు కోకో ఆకుమట్టి, ఒకపాలు కడిగిన కొబ్బరి పొట్టు, ఒకపాలు గోదావరి ఇసుక. ఉత్త బంకమట్టిలో వేస్తే వేరుకు గాలి అందక కుళ్ళుతుంది. కొబ్బరి మొదటికి ఐదారు అడుగుల దూరం ఉంచండి. మొదట్లో మీరు వేసే ఉప్పు, యూరియా ఫెర్నుకు పడవు, మీద పడే మట్టలు దాన్ని విరగ్గొడతాయి.

ప్రశ్న: కార్తీక మాసంలో మారేడుమిల్లి వెళ్ళినప్పుడు వాగు పక్కన ఉన్న ఫెర్నులు నాలుగు తీసుకొచ్చాం. అన్నీ చనిపోయాయి. ఈసారి ఎలా తేవాలి?
— ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: తేవద్దమ్మా. రిజర్వు అడవి నుంచి మొక్క తీయడం నేరం. అది అలా ఉంచినా, వాగు తుంపర రాత్రింబవళ్ళు తగిలే చోట పెరిగిన మొక్కకు మీరు ఆ గాలిని ఇవ్వలేరు. మీకు అడవి ఫెర్ను మీద అంత ఇష్టం ఉంటే మీ ఊళ్ళోనే పాత బావి వరలను, సున్నం గోడల పగుళ్ళను చూడండి. పొడవాటి ఈనెకు రెండువైపులా రిబ్బన్లలాంటి ఆకులతో టెరిస్ విట్టాటా ఉంటుంది. సున్నం అంటే దానికి ప్రాణం. మట్టిలోని ఆర్సెనిక్‌ను పీల్చి తన ఆకుల్లో దాచుకోగలదని 2001లో శాస్త్రవేత్తలు ప్రకటించిన మొక్క ఇదే. కనుక పశువులకు వేయకండి. సున్నపు పెచ్చులు కలిపిన కుండీలో పెడితే ఏళ్ళ తరబడి పచ్చగా ఉంటుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫెర్నును సిద్ధబీజాల నుంచి పెంచడం ఇంట్లో సాధ్యమవుతుందా?
— ఒక విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: తప్పకుండా అవుతుంది తల్లీ. చుక్కలు ముదురు గోధుమరంగుకు వచ్చిన ఆకు ముక్కను తెల్లకాగితంలో మడిచి, పుస్తకంలో రెండు రోజులు పెట్టు. విప్పితే సన్నటి పొడి రాలి ఉంటుంది. గాజు సీసాలో రెండు అంగుళాల కొబ్బరి పొట్టు వేసి, మరిగే నీళ్ళు పోసి చల్లారనివ్వు, నాచూ బూజూ చాలావరకు చస్తాయి. నీళ్ళు వంపేసి, పొడిని పైన చల్లి, మూత బిగించి, ఎండ తగలని వెలుతురులో ఉంచు. వారాలు గడిచాక పచ్చటి మసకలా కనబడుతుంది. తర్వాత గోరులో సగం లేని, గుండె ఆకారపు పలుచని పొరలు వస్తాయి. ఇవే ఫెర్ను జీవితంలో రెండో రూపం. పురుష కణం ఈదుకుంటూ స్త్రీ కణాన్ని చేరాలి కాబట్టి అప్పుడు వాటి మీద సన్నటి నీటి పొర ఉండి తీరాలి. మరిగించి చల్లార్చిన నీటిని ఒక్కసారి చిలకరించి మళ్ళీ మూత పెట్టు. పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాని పాఠం ఆ సీసాలో అర్థమవుతుంది.

లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు 1829లో, మూతపెట్టిన సీసాలో తానేమీ నాటకుండానే ఒక ఫెర్ను మొలవడం గమనించాడు. మొక్కలను గాజు పెట్టెల్లో సముద్రాలు దాటించే పద్ధతి దాని నుంచే వచ్చింది. నీ సీసాను ఇప్పుడు మొదలుపెట్టకు, వేసవి వేడికి లోపల ఉడికిపోతుంది. మృగశిర దాటాక చల్లు. మొదటి అసలైన ఆకు, చుట్ట విప్పుకున్న చిన్న ఆకు, కనబడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అది కనబడిన రోజు తారీకు వేసి నాకు ఉత్తరం రాయి.